మేకూ, రేకుపెట్టే, పధ్నాలుగు క్యారెట్లూ

ఏవే అమ్మడూ, "ఈ ఇంట్లో నన్ను అర్థం చేసుకునేవాళ్లు ఒక్కరూ లేరు" అని నిన్న మీ అమ్మ మీద లేచావట. గోడలకి చెవులుంటాయంటారు, నాకూ ఉన్నాయి. తిట్టడానికి పిలవలేదులే. ధనుర్మాసం చలి, ఆ దుప్పటి కప్పుకుని కుంపటి దగ్గరికి జరుగు. పదిహేనేళ్లప్పుడు ఆ మాట అనుకోని మనిషి మన వంశంలో లేరు. నేను అనుకున్నాను. మా నాన్నగారు, అంటే మీ ముత్తాత, ఆయనా అనుకున్నారు. ఆయన ఆ వయసులో ఏమనుకున్నారో వాళ్ల నాన్నకి తెలియడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. ఆ సంగతే చెబుతాను. మధ్యలో ఫోను చూశావంటే మాత్రం మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంటాను, తెల్లారిపోతుంది, నీ ఇష్టం.

మాది ద్రాక్షారామం పక్కన చిన్న ఊరు. ఇల్లు మండువా లోగిలి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉండేది. వాన కురిస్తే ఆ నీళ్లన్నీ ఇంటి నడిమధ్య మండువాలోకి దూకేవి. కాగితప్పడవలు వెయ్యడానికి మాకు వీధిలోకి వెళ్లే పనే లేదు. గదులు లేవా అంటావు. లేకేం, ఉన్నాయి. ఒకటి ధాన్యానిది, ఒకటి దేవుడిది, ఒకటి ఎప్పుడూ పురిటికొచ్చిన మేనత్తల్లో ఎవరో ఒకరిది. మనుషులకి మిగిలింది వసారా. తాతయ్యకి వీధి అరుగు మీద నవారు మంచం, నాన్నగారూ బాబాయిలూ మండువా చుట్టూ, ఆడవాళ్లం వంటింటి వసారాలో చాపల మీద వరసగా. అర్ధరాత్రి మంచినీళ్లకి లేస్తే ఎవరి చెయ్యో తొక్కడం ఖాయం. ఏడుపొస్తే ఏడవడానికి కూడా వంతు చూసుకోవాలి. బావి దగ్గరికి పోయి ఏడుద్దామా అంటే అక్కడ అప్పటికే ఏ పిన్నో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ ఉండేది. నువ్వు విసురుగా తలుపేసుకున్నావే, అలా వేసుకోవడానికి మాకు తలుపేదీ?

మర్యాదలంటావా, అవీ అలాగే ఉండేవి. నాన్నగారికి నలుగురు పిల్లలు, వ్యవసాయమంతా ఆయన చేతి మీదే. అయినా తాతయ్య ఎదుట ఏనాడూ కూర్చోలేదు. చుట్ట కాల్చేవారు. తాతయ్య వీధి మలుపు తిరిగేసరికి ఆ చుట్ట వీపు వెనక్కి పోయేది. కొడుకు చుట్ట దాచాడని తండ్రికి తెలుసు, తండ్రికి తెలుసని కొడుక్కీ తెలుసు. పొగ దాగదు కదా, భుజం మీంచి లేచేది. తాతయ్య ఆ పొగకేసి చూడకుండా కొబ్బరిచెట్ల తలల కేసి చూస్తూ ఎరువు సంగతి మాట్లాడి లోపలికి వెళ్లిపోయేవారు. అంత పెద్దరికం ఆయనది, అంత భయభక్తులు ఈయనవి. పొలం పనుల మాట తప్ప ఇద్దరి మధ్యా వేరే మాట నడిచేది కాదు. కావలసినవన్నీ మామ్మ ద్వారానే అటూ ఇటూ వెళ్లేవి.

ఇంత మందిలో నాకంటూ ఒక వస్తువు దొరికింది. రామచంద్రపురం హైస్కూల్లో చదువుతున్నప్పుడు నా పుస్తకాలు ఎలకలు కొట్టేస్తుంటే, నాన్నగారు శివరాత్రికి ద్రాక్షారామం తీర్థంలో ఒక రేకుపెట్టె కొన్నారు. ఆకుపచ్చ రంగు, మూత మీద రెండు తామరపూలు, కింద ఎవరి పేరైనా రాసుకోవడానికి పసుపుపచ్చ గీత. దానికో తాళం, రెండు చెవులు. మామ్మ ఆ తాళం చూసి ముక్కున వేలేసుకుంది. "ఆడపిల్ల పెట్టెకి తాళమెందుకురా? ఈ ఇంట్లో దొంగలెవరున్నారని?" ఆ ఇంట్లో అప్పటిదాకా తాళాలు రెండే, ఒకటి ధాన్యం గదికి, ఒకటి మామ్మ భోషాణానికి. మూడోది నాది. ఒక చెవి జాకెట్టు లోపల పిన్నీసుకి వేలాడేది. రెండోది మామ్మ అడిగి తీసుకుంది. తీసుకుందే గానీ ఏనాడూ పెట్టె తెరవలేదు, ఆ గొప్ప ఆవిడదే.

పెట్టెలో ఏముండేవంటే, అడుగున చందమామలు. చందమామ 1947 జులైలో మొదలైంది, నేనూ ఆ ఏడాదే పుట్టాను, అందుకని దాని మీద నాకు తోబుట్టువు ప్రేమ. ఆ పైన చక్రభ్రమణం సీరియలు. కోడూరి కౌసల్యాదేవి గారిది, ఆంధ్రప్రభ వారపత్రికలో వచ్చేది. తరవాత 1964లో డాక్టర్ చక్రవర్తి అని సినిమాగా తీశారు. ఊళ్లోకి పత్రిక ఒక్కటే వచ్చేది, కరణంగారింటికి. వాళ్ల అమ్మాయి చదివాక వాళ్ల కోడలు, ఆ తరవాత మా పిన్నులు, చివరికి నేను. అందరి చేతులూ అయిపోయి అంచులు మెత్తబడ్డ ఆ కాగితాలు చింపి తెచ్చుకుని, పురికొస దారంతో, గోనెసంచులు కుట్టే దబ్బనంతో పుస్తకం కుట్టాను. మూడు వారాలవి దొరకలేదు. ఆ మూడు వారాల కథ పిన్ని నోటితో చెబితే తెల్లకాగితం మీద రాసి మధ్యలో కలిపాను. పిన్ని చెప్పిన కథకీ అసలు కథకీ పొంతన లేదని సినిమా చూశాక తెలిసింది. పిన్నిదే బావుంది.

అన్నిటికంటే పైన, మడతపెట్టిన చిన్న కాగితం. దాని మీద రామచంద్రపురం నుంచి కాకినాడ వెళ్లే బస్సుల వేళలు. స్కూలు నుంచి వస్తూ బస్టాండులో చూసి రాసుకున్నాను. వెళ్లే పనేమీ లేదు. రాత్రి లాంతరు తగ్గించాక, ఇప్పుడు ఆఖరు బస్సు కరప దాటి ఉంటుంది, ఇప్పుడు కాకినాడలో దీపాలు కనిపిస్తుంటాయి అనుకుంటూ పడుకునేదాన్ని. పక్కన ముగ్గురు మేనత్తలు గుర్రు పెడుతున్నా ఆ బస్సులో నేనొక్కదాన్నే.

బస్సెక్కాలంటే డబ్బులు కావాలి కదా, డబ్బుల మాట వస్తే మా మామ్మ సంగతి చెప్పకుండా ఉండలేను. 1957 ఏప్రిల్ ఒకటో తారీకున నయాపైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు. కొత్తగా రూపాయికి వంద పైసలు. మరి అణాకి ఎన్ని? ఆరుంపావు. పావు నయాపైసా ఏ టంకశాల వాడు కొడతాడు? అందుకని పాత అణాబిళ్ల ఇస్తే కొట్లో ఆరు కిందే లెక్క కట్టేవారు. మామ్మ అక్షరమ్ముక్క రాని మనిషి, ఆ రాత్రి మంచం కోడు పట్టుకుని లెక్క కట్టింది. ఆరు పదహార్లు తొంభై ఆరు. "మిగతా నాలుగూ ఎవడు మింగాడు?" అని తెల్లారి తాతయ్యని నిలదీసింది, ప్రభుత్వం తరపున ఆయనే జవాబుదారీ అయినట్టు. నాలుగణాలకి మాత్రం సరిగ్గా పాతిక వస్తాయి. అది కనిపెట్టాక ఆవిడ జన్మలో విడి అణా మార్చలేదు. నాలుగేసి బిళ్లలు గుడ్డ పీలికల్లో మూటలు కట్టి, మూట కింద పాతిక చొప్పున కొట్టువాడి ముందు పెట్టేది. వాడు విప్పి లెక్కపెట్టబోతే, "నా మీద నమ్మకం లేదా అబ్బాయ్?" అనేది. కార్డు ముక్క అయిదు నయాపైసలు. అదీ దండగనే, ఊరెళ్లేవాళ్ల చేత కబురు పంపేది.

సరే, బస్సుల కాగితం దగ్గరున్నాం కదూ. కాకినాడ పిచ్చి నాకెలా పట్టిందంటే, అదీ మామ్మ వల్లే. మామ్మ తమ్ముడు 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభకి వెళ్లొచ్చాడు. అక్కడ ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో ఒక పిల్లని వాలంటీరుగా నిలబెట్టారు. టికెట్టు లేకుండా ఎవర్నీ పంపొద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది. పెద్దలు పరిగెత్తుకొచ్చి, ఆయనెవరో తెలుసా అన్నారు. మీరు చెప్పిన పనే చేస్తున్నానంది. ఆఖరికి టికెట్టు కొని ఇస్తేనే లోపలికి వదిలింది. ఆ పిల్లే దుర్గాబాయి, రాజమండ్రిలో పుట్టిన మనిషి, తరవాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్. అప్పుడు ఆవిడకి పధ్నాలుగేళ్లు. నీకంటే ఏడాది చిన్నది! మామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో, "పిల్లంటే అలా ఉండాలి" అనేది. మర్నాడు నేను వీధి గుమ్మంలో నిలబడితే, "ఆడపిల్లవి, గుమ్మంలో ఏం పనే?" అని అదే నోటితో కసిరేది. పెద్దవాళ్లం అంతేనే అమ్మడూ, మెచ్చుకునే పిల్ల వేరు, పెంచుకునే పిల్ల వేరు.

1962లో నాకు పదిహేను నిండాయి. అప్పటి చట్టం ప్రకారం ఆడపిల్లకి పదిహేనేళ్లుంటే పెళ్లి చెయ్యొచ్చు, పద్దెనిమిది అన్నది 1978లో వచ్చింది. దసరా వెళ్లగానే గౌతమి అవతలి ఒడ్డు నుంచి ఒక సంబంధం వచ్చింది. ముక్తేశ్వరం రేవులో ఎక్కి కోటిపల్లిలో దిగి, రెండెడ్ల బళ్ల మీద వచ్చారు. తాపేశ్వరం మడతకాజాలు పళ్లేనికి పళ్లెం అయిపోయాయి. అబ్బాయి తల ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇద్దరం చూసుకున్నది ఒకే చాప. వాళ్ల నాయనమ్మ మాత్రం నన్ను నడిపించి, పాడించి, జడ నిజమా సవరమా అని లాగి చూసి, సరేనంది. మెళ్లోకి కాసులపేరు, చేతులకి వంకీలు అడిగింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. నాన్నగారు ఒప్పుకున్నారు. నా పెద్ద పరీక్ష మార్చిలో, ముహూర్తం మాఘమాసంలో. పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. బస్సుల కాగితం పెట్టె అడుక్కి వెళ్లిపోయింది.

ఇంతలో చైనా యుద్ధం. పంచాయతీ ఆఫీసు దగ్గర రక్షణ నిధికి బంగారం ఇమ్మంటే మామ్మ వేలి ఉంగరం తీసి ఇచ్చి వచ్చింది. అది మెత్తని మనసుతో ఇచ్చింది. ఆ వెనకే, 1963 జనవరిలో, బంగారం నియంత్రణ వచ్చి పడింది. మొరార్జీ దేశాయి గారు ఆర్థిక మంత్రి. పధ్నాలుగు క్యారెట్లకి మించిన మేలిమితో కొత్త నగలు చెయ్యకూడదన్నారు. మాకు నగలు చేసే కంసాలి తాతగారు ఏటా సంక్రాంతి ముందు మా ఇంటికే వచ్చేవారు. మా అరుగు మీదే కుంపటి, ఊదుగొట్టం, చిన్న సుత్తులు, గురిగింజల తూకం. పని జరిగినన్నాళ్లూ మామ్మ ఎదురుగా పీట వేసుకుని, ఒత్తులు చేసుకుంటూ, కన్నార్పకుండా కూర్చునేది. ఆయన దానికి నొచ్చుకునేవారు కాదు. "అమ్మా, రవ్వ పడింది, చీర జాగ్రత్త" అనేవారు. ఆ ఏడు ఆయన వచ్చారు గానీ సంచీ తేలేదు. "కాసులపేరు చెయ్యలేనండీ, చేస్తే జైలంటున్నారు" అని అరుగు చివర కూర్చుండిపోయారు. దేశమంతటా ఆయనలాంటి ఇళ్లు ఎన్ని ఆ ఏడు పస్తులున్నాయో. ఆయన కొడుకు సైకిలు షాపులో పంక్చర్లు వెయ్యడానికి చేరాడు. పిల్లల గాజుల మీద పూలు చెక్కిన చేతులవి. నాకు కలిసొచ్చిన ఏడాదే అయినా, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు.

కలిసొచ్చిందని ఎందుకన్నానంటావా? పెళ్లివారికి కబురు చేస్తే ఆ నాయనమ్మ, "పధ్నాలుగు క్యారెట్లా? ఆ మాత్రానికి ఇత్తడే మెరుస్తుందిగా!" అందట. చట్టం ఎత్తేశాక ముహూర్తం చూద్దామన్నారు. ఎండాకాలం లోపు ఎత్తేస్తారని వాళ్ల ధీమా. ఆ పధ్నాలుగు క్యారెట్ల షరతు 1966 దాకా పోలేదు. ఈలోగా పాత నగలున్న ఇల్లు చూసుకుని అబ్బాయికి చేసేశారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని ఉందని మా ఇంట్లో పదిరోజులు శోకాలు. నేను మార్చిలో ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. పరీక్ష రాశాను. ఫలితాలు పేపర్లో నంబర్ల వరసలుగా వచ్చేవి. నాన్నగారు రామచంద్రపురం వెళ్లి పేపరు కొని, నా నంబరు కింద గోటితో గీత గీసి తెచ్చారు.

అప్పుడు నోరు విప్పాను. కాకినాడ వెళ్లి పి.యు.సి. చదువుతానన్నాను. ఇంకేముంది! ఆ రాత్రి మా అరుగు మీద పెద్ద సభ. పెద్ద బాబాయి, చదవేస్తే ఉన్న మతి పోయిందన్నారు. చిన్న బాబాయి, పిఠాపురం రాజావారి కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి కాలం నుంచీ ఆడపిల్లలు చదువుతున్నారన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనంటే నాకు ప్రాణం. మేనత్తలు, పిల్ల ముదిరిపోతుందన్నారు. అమ్మ తలుపు వెనకే ఉంది. తాతయ్య అన్నీ విని, "వద్దు" అన్నారు. ఆయన వద్దన్నాక మన ఇంట్లో మాట ఉండదు.

నాన్నగారు లేచి వంటింట్లోకి వెళ్లారు. అలిగారనుకున్నాం. చేతిలో ఒక ఇనుప మేకుతో తిరిగొచ్చారు. అది మేమంతా పుట్టినప్పటినుంచీ చూస్తున్న మేకే. జానెడు పొడవు, బొటనవేలంత లావు, తల ఒక పక్కకి వంగి ఉంటుంది. మామ్మ దానితో శొంఠి కొట్టేది, ఎండుకొబ్బరి చిప్ప పగలగొట్టేది. ఎక్కడిదని ఎవరం అడగలేదు. దాన్ని తాతయ్య మంచం మీద పెట్టి, ఎదురుగా, నిలబడి కాదు, అరుగు మీద కూర్చుని మాట్లాడారు. మా నాన్న అలా కూర్చోవడం అదే మొదలు.

ఆ మేకు రైలు పట్టాలది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు పడింది. నాన్నగారికి ఊహ తెలిసేటప్పటికే మా ఊరి పొలాల అవతల అది కూతపెట్టుకుంటూ పోతుండేది. బడి వదలగానే కట్ట మీదికి పరుగు. గార్డు పచ్చజెండా పట్టుకుని చివరి పెట్టెలో నిలబడి వెళ్లేవాడట. తను ఆ గార్డు కావాలని నాన్నగారి ఆశ. ఎవరికి చెప్పాలి? తండ్రి ఎదుట కూర్చోనే కూర్చోరు. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని తెల్లదొరలు ఆ లైను పట్టాలన్నీ పీకించేశారు. నాన్నగారికి అప్పుడు పదిహేనేళ్లు. కూలీలు గునపాలతో ఒక్కో మేకూ పెళ్లగిస్తుంటే, బడి మాని వాళ్ల వెంట కోటిపల్లి వైపు నడుచుకుంటూ పోయారట. తాతయ్య బడి ఎగ్గొట్టినందుకు కొట్టారు. ఎందుకు ఎగ్గొట్టావని మాత్రం అడగలేదు. జేబులో దాచి తెచ్చుకున్న మేకుని మామ్మ చూసి, శొంఠికి పనికొస్తుందని తీసుకుంది.

"రైలే పోయింది, ఇక నేను చెప్పి లాభం లేదని ఊరుకున్నాను నాన్నగారూ. కాకినాడలో కాలేజీ ఎక్కడికీ పోలేదు కదా" అన్నారు.

తాతయ్య ఆ మేకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మామ్మ గుమ్మంలోంచి, "ఇరవై మూడేళ్లుగా శొంఠి కొడుతున్నాను, ఒక్కనాడైనా చెప్పవేరా?" అని ఒకటే గోల. మర్నాడు పొద్దున్న తాతయ్య, మామ్మ చేత కాకుండా, తనే స్వయంగా నాన్నగార్ని పిలిచి, హాస్టలుకి నెలకెంతవుతుందో కనుక్కోమన్నారు.

జూన్‌లో రేకుపెట్టె బస్సు టాపు మీదికెక్కింది. మామ్మ పట్టుచీర కట్టుకుని నాకంటే ముందు బస్సులో కూర్చుంది. పిల్లని దింపడానికంది. హాస్టల్లో పెట్టె దించీ దించగానే నాన్నగారి చెయ్యి పట్టుకుని, "సముద్రం ఎటురా?" అని అడిగింది. ఇరవై మైళ్ల దూరంలో సముద్రం ఉందని పుట్టినప్పటినుంచీ వింటున్న మనిషి, అరవై దాటేదాకా చూడలేదు! చిన్నప్పుడు ఎవర్నో అడిగితే, ఆడపిల్లకి సముద్రమెందుకన్నారట. ఒడ్డున చీర మడమల పైకి పట్టుకుని నిలబడి, దోసెడు నీళ్లు తీసి నాలిక మీద వేసుకుని, "నిజమే, ఉప్పే" అంది. ఇంటికెళ్లాక ఊరు ఊరంతా చెప్పింది. నా కాలేజీ సంగతి అడిగినవాళ్లకి కూడా సముద్రం సంగతే చెప్పిందట.

నాన్నగారి రైలా? వస్తున్నా, నిద్రపోకు. అరవై నాలుగేళ్ల తరవాత, 2004లో, కాకినాడ నుంచి కోటిపల్లికి మళ్లీ పట్టాలు వేశారు, 45 కిలోమీటర్లు. లైను తెరిచిన ఏడాదికి ఆయన్ని తీసుకెళ్లాను. ఎనభైకి వచ్చారు, మోకాళ్లు పట్టేశాయి, అయినా చెయ్యి అందుకోనివ్వలేదు. నడిచేది రైలుబస్సు, ఒంటిపెట్టె బండి. దాన్ని చూసి, "ఇంజనేది?" అన్నారు. డ్రైవరు వెనక సీటు కోసం ఒక కుర్రాణ్ణి బతిమాలి లేపారు. కరప, వేళంగి, రామచంద్రపురం, ప్రతి స్టేషనూ బోర్డు కనపడకముందే పేరు చెప్పి, ఆ కుర్రాడికి పాత రైలు ఎక్కడ ఎంతసేపు ఆగేదో, ఎక్కడ వేరుశెనగకాయలు అమ్మేవారో వివరించారు. పాపం వాడు సగం దారిలో దిగాల్సినవాడు, కోటిపల్లి దాకా వచ్చాడు. కోటిపల్లిలో దిగాక సోమేశ్వరుడి గుడికి వెళదాం, గోదావరిలో కాళ్లు కడుక్కుందాం అన్నాను. "గుడికి బస్సులో ఎప్పుడైనా రావచ్చు" అని, నాన్నగారు నేరుగా వెళ్లి అదే బండికి తిరుగు టికెట్లు రెండు కొన్నారు.